ఆవిరి చూసి ఉప్పు చెప్పే లోవరాజు

నిడదవోలు చుట్టుపక్కల పెళ్ళివంటలకి లోవరాజుని పిలిచేవాళ్ళు ఆయన నోటిని కూడా భరించడానికి సిద్ధపడే పిలిచేవాళ్ళు. కేటరింగ్ వాళ్ళంటే ఆయనకి రోత. నెత్తిన తెల్ల టోపీలు, చేతులకి ప్లాస్టిక్ తొడుగులు, అయిదు నిమిషాలకోసారి గరిటెతో అరచేతిలో వేసుకుని నాకడం. "నాకి చూసి వండేవాణ్ణి వంటవాడంటారా? పిల్లి అంటారు" అనేవాడు. ఆయన గురువు నేర్పిన పద్ధతి వేరు. దేవుడికి చూపించేదాకా వండింది నాలుక మీద పెట్టకూడదు, ఎంగిలైపోతుంది. అందుకని లోవరాజు గుండిగ మీదకి వంగి, చేత్తో ఆవిరిని ముక్కువైపు తోసుకుని, కళ్ళు మూసుకుని "ఇంకో గుప్పెడు" అనేవాడు. ఆ గుప్పెడు ఉప్పుతో కూర సరిగ్గా కుదిరేది. ఆ వేడుక కోసం జనం వంటపందిట్లోకి తొంగిచూసేవారు. ఆ విద్యే ఆయన పేరు, ఆయన కూడు, ఆయన పొగరు కూడా.

కిందటి వేసవిలో వచ్చిన జ్వరం ఆ విద్యని కాస్తా పట్టుకుపోయింది. జ్వరం తగ్గింది గానీ ముక్కు తిరిగి రాలేదు. నాలుకా మొద్దుబారింది. అల్లం నమిలినా బెల్లం నమిలినా ఒకటే. ఈ సంగతి పొక్కితే మర్నాటినుంచి గడప తొక్కేవాడుండడని భార్య తలుపులమ్మకి కూడా చెప్పలేదు. రుచి చూడనని శపథం పట్టిన మనిషికి రుచి తెలియడం లేదని ఎవడు కనిపెడతాడు? చేతి అలవాటు మీద రెండు పెళ్ళిళ్ళు దాటించేశాడు. రెండో పెళ్ళిలో పంక్తిలోని ఒక పెద్దాయన మొహమాటపడుతూ కాస్త ఉప్పు వడ్డించమన్నాడు. "కూరకేం లోటు లేదండి. తమరి నాలుకే చచ్చినట్టుంది, డాక్టరుకి చూపించుకోండి" అని లోవరాజు అందరి ముందూ దులిపేశాడు. పంక్తంతా నవ్వింది. పెద్దాయన తలొంచుకుని తినేసి వెళ్ళిపోయాడు.

అదే జ్వరంలో షుగరు కూడా బయటపడింది. కాకినాడలో ఉద్యోగం చేసే మేనకోడలు దుర్గాశ్రీ, మావయ్య పొద్దున్నే పెసరట్టు ఉప్మా తినకూడదంటూ అత్తయ్య ఫోనుకి ఓ వీడియో పంపింది. తలుపులమ్మ దాన్ని నాలుగుసార్లు చూసింది. ఖాళీ ఆవకాయ సీసా కడిగి, అందులో ఓట్స్, పాలు, పెరుగు, సబ్జాగింజలు, నాలుగు ఖర్జూరం ముక్కలు వేసి, మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టింది. పొద్దున్న తీసి భర్త ముందు పెట్టింది.

"ఏంటిది?"

"ఓట్సండి. రాత్రి నానేస్తే పొద్దున్నకి తినేయడమేనంట. పొయ్యి వెలిగించక్కర్లేదంట."

"పొయ్యి వెలిగించనిదాన్ని కుడితంటారు. మనం గేదెక్కూడా కాస్త వేడి చేసి పెడతాం."

అయినా తిన్నాడు. తింటూనే కాలవగట్టు మీద బూట్లేసుకుని నడిచే బ్యాంకు ఉద్యోగుల దగ్గర్నుంచి వీడియో తీసినావిడ దాకా అందరినీ కడిగిపారేశాడు. గోడలకి బొమ్మలంటించే మైదా జిగురైనా ఇంతకంటే నయమన్నాడు. తలుపులమ్మ చిన్నబుచ్చుకోలేదు. పాలు పెంచి చూసింది. మర్నాడు పలచగా ఉందంటే పెరుగు పెంచింది. పెరుగు కనబడగానే పులుపన్నాడు. అరటిపండు చక్రాలు వేస్తే వెగటన్నాడు. తీసేసి వేయించిన జీడిపప్పు వేస్తే, ఓట్స్‌కి జీడిపప్పు దండగన్నాడు. రోజుకో మార్పు, రోజుకో తిట్టు.

ఓ పొద్దున్న గిన్నెలు తోముతూ ఆ సీసాని ముక్కు దగ్గర పెట్టుకుంది తలుపులమ్మ. ఎంత తోమినా ఆవకాయ కంపు గుప్పుమంది. ఉల్లి కోసిన కత్తితో మామిడిపండు కోస్తే పళ్ళేన్ని వీధిలోకి విసిరేసే మనిషి, ఈ సీసాలో పాలు పోసి నానేసింది ఇన్నాళ్ళూ ఎలా తిన్నాడు? ఆవిడకి ఇంకోటి కూడా తట్టింది. ఆయన పెట్టే వంకలన్నీ కంటికి కనిపించేవాటికే.

ఆ సాయంత్రం ఖర్జూరం వెయ్యలేదు. ఉప్పు వేసి బాగా కలిపింది.

పొద్దున్న లోవరాజు సగం సీసా ఖాళీ చేసి మూతి ముడిచాడు. "తీపెక్కువైంది. ఆ ఖర్జూరం తగ్గించు."

తలుపులమ్మ ఎదురుగా కూర్చుంది. "ఖర్జూరం వెయ్యలేదండి. ఉప్పేశాను. మూడు చెంచాలు."

చెంచా సీసాలోనే ఉండిపోయింది.

"ఎప్పట్నించి?"

"జ్వరం నుంచి."

"అంటే పెళ్ళిలో పెద్దాయన ఉప్పడిగాడని ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పారే, అప్పటికే మీకు తెలుసన్నమాట. తెలిసే ఆయన్ని అంతమందిలో అలా అన్నారా?"

లోవరాజు సీసాని పక్కకి జరిపాడు. ఇన్నాళ్ళూ లోకాన్నంతా తాను ఏ చూపు చూశాడో, ఆవిడ ఇప్పుడు ఆ చూపే చూస్తోంది. అది ఆయనకి తెలుస్తూనే ఉంది.

"కడియం పెళ్ళి ఒప్పుకున్నారు కదా. రానని చెప్పెయ్యండి."

"ఎందుకని అడుగుతారు."

"అయితే నన్ను తీసుకెళ్ళండి."

"నువ్వొచ్చి ఏం చేస్తావే? కూరలు తరుగుతావా?" అంత సిగ్గులోనూ వెటకారం మానలేకపోయాడు.

"తరుగుతాను" అంది తలుపులమ్మ.

కడియంలో నర్సరీ యజమాని బుల్లిరాజుగారి ఇంట పెళ్ళి. తలుపులమ్మ నిజంగానే కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరిగింది. పొయ్యి మీద పనసపొట్టు కూర దగ్గరపడింది. పోపు పడింది, ఆవ కలపడమే తరువాయి. లోవరాజు చేతి కింద పదేళ్ళుగా పనిచేస్తున్న రాజేంద్ర ఉప్పు గిన్నె పట్టుకుని నిలబడ్డాడు. ఆవిరి చూసి ఉప్పు చెప్పే వేడుక చూడ్డానికి బుల్లిరాజుగారు వియ్యంకుణ్ణి వెంటబెట్టుకుని మరీ వచ్చారు.

లోవరాజు గుండిగ మీదకి వంగాడు. ఆవిరిని ముక్కువైపు తోసుకున్నాడు. మొహానికి తడి తగిలింది, వేడి తగిలింది. ఇంకేమీ లేదు. ఈ కూరలో ఉప్పు పడిందో లేదో, పొద్దుటినుంచీ వేసిన గుప్పెళ్ళు ఏ ఏ గుండిగల్లో పడ్డాయో ఆయనకి గుర్తు రాలేదు. "సరిపోయింది" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్క మాటతో పరువు దక్కుతుంది. ఆ తర్వాత పంక్తిలో ఎవరైనా ఉప్పడిగితే వాళ్ళ నాలుకనే తిట్టొచ్చు. తిట్టడం ఆయనకి కొత్తా?

కాస్త కూర అరిటాకు ముక్కలో వేశాడు.

"తలుపులూ, ఇలా రా. నోట్లో వేసుకుని చెప్పు."

రాజేంద్ర కంగారుపడ్డాడు. "బాబాయ్, ఇంకా నైవేద్యం తియ్యలేదు."

"తెలుసు" అన్నాడు లోవరాజు.

వియ్యంకుడు బుల్లిరాజుగారి మొహంలోకి చూశాడు. బుల్లిరాజుగారు తల తిప్పుకున్నారు. తలుపులమ్మ చేతులు కొంగుకి తుడుచుకుని వచ్చింది, తింది. గొంతు తగ్గించలేదు.

"ఉప్పు లేదండి."

"తక్కువా?"

"అసలు లేదు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. లోవరాజు రాజేంద్ర చేతిలోని గిన్నె అందుకుని ఉప్పు వేశాడు, తెడ్డుతో అడుగునుంచీ కలిపాడు. ఇంకో అరిటాకు ముక్క చింపి, కూర వేసి, రెండు చేతులతో ఆవిడకి అందించాడు.

"ఇప్పుడో?" అని అడిగాడు.