హాల్లో ఒకే ఒక్క మేకు

మొన్న ఇంటికి రంగులు వేయించడం మొదలుపెట్టాం. హాల్లో గోడకు లప్పం పెడుతున్న పెయింటరు పాత మేకు ఒకటి పీకి నా చేతిలో పెట్టి, ఏ బొమ్మ ఎక్కడ తగిలిస్తారో చెబితే డ్రిల్లు మిషనుతో ఎన్ని బెజ్జాలైనా వేస్తానన్నాడు. మా అమ్మాయేమో ఫోనులో ఏవేవో చూపించి, సోఫా రంగుకు నప్పే బొమ్మలు ఎంచుకోమంటుంది. చీరకు జాకెట్టు గుడ్డ ఎంచినట్టు సోఫాకు బొమ్మను ఎంచడమేమిటో నాకైతే అర్థం కాదు. ఆ తుప్పు పట్టిన మేకును చూస్తుంటే మాత్రం, దాని కోసం మా ఇంట్లో జరిగిన రభసంతా గుర్తొచ్చింది.

తొంభైల చివర్లో మావారికి కాకినాడ నుంచి బదిలీ అయి, చందానగర్‌లో ఈ ఫ్లాటు కొనుక్కున్నాం. అటు మాదాపూర్‌లో హైటెక్ సిటీ లేస్తుంటే, ఇటు మా బాల్కనీలోంచి ఇంకా బండరాళ్ల గుట్టలే కనిపించేవి. నా ఈడు వాళ్లకు చెప్పక్కర్లేదు, ఆ రోజుల్లో గృహప్రవేశానికి వచ్చిన ప్రతివారూ గోడగడియారమో, అద్దం బిగించిన పటమో చంకన పెట్టుకుని వచ్చేవారు. ఇచ్చి ఊరుకుంటే బాగానే ఉండును, మళ్లీ వచ్చినప్పుడు తామిచ్చింది హాల్లో కనిపించకపోతే మొహం మాడ్చుకుని కాఫీ కూడా ముట్టకుండా లేచిపోయేవారు. మా హాల్లో చూస్తే ఒకవైపు కిటికీలు, ఒకవైపు షోకేసు, మిగిలిన గోడలో సగానికి పైగా కాంక్రీటు. వడ్రంగి ఎన్నో మేకులు వంకర చేసి, చివరికి ఒక్కటంటే ఒక్కటి దిగ్గొట్టగలిగాడు.

ఇక ఆ ఒక్క మేకు మీద మావారు నడిపిన రాజకీయం ఇంతా అంతా కాదు. ఆదివారం ఎవరొస్తున్నారో తెలుసుకుని, వారిచ్చిన పటం మంచం కింద నుంచి తీసి, తుడిచి తగిలించేవారు. అన్నిటికన్నా ఎక్కువసార్లు ఎక్కి దిగింది మావారి పెదనాన్నగారిచ్చిన మంచుకొండ. ఎక్కడి కొండో ఎవరికీ తెలియదు, దాని ముందు చెక్క ఇల్లు, ఇంటి ముందు ఎరుపూ పసుపూ పూలు. దాన్ని చూసినప్పుడల్లా నాకు చిర్రెత్తుకొచ్చేది, కానీ పెద్దాయనతో ఎవరు పడగలరు?

ఆ విసుగులోనే నేనొక బొమ్మ కొనుక్కున్నాను. చిత్రకళ నేర్చుకుంటున్న ఒక అమ్మాయి మా అపార్టుమెంటు వెనకాల బండల దగ్గర గొడుగేసుకుని కూర్చుని, ఆ బండల్నే నీటిరంగుల్లో వేస్తుంటే చూసి అడిగి తీసుకున్నాను. ఎవరో ఇచ్చింది కాకుండా నాకై నేను ఎంచుకున్న బొమ్మ అదొక్కటే. దానికి మేకు దొరికేది మాత్రం బంధువులెవరూ రాని రోజుల్లోనే. ఎదురు ఫ్లాటామె అయితే చూసి నవ్వింది. వాళ్లది ఇక్కడి ఊరే, మా అపార్టుమెంటు కట్టిన స్థలం వాళ్ల పొలమే, బదులుగా బిల్డరు వాళ్లకు ఫ్లాట్లిచ్చాడు. బయట అన్ని బండలుంటే ఇంట్లో కూడా ఎందుకని ఆవిడ ప్రశ్న.

ఏడాది తిరక్కుండానే ఆ బండలు పేల్చడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం పూట తూటాలు పేలుతుంటే షోకేసులో గ్లాసులు గలగలమనేవి. గుట్ట చదునయ్యాక ఒక ఆదివారం ఎదురింటామె వచ్చి, నవ్వకుండా, ఆ బొమ్మ ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. సరిగ్గా అప్పుడే పెదనాన్నగారు చెప్పాపెట్టకుండా దిగారు. మావారు కంగారుగా మంచం కింద దూరి మంచుకొండతో వచ్చారు. ఆవిడ లేచి నా చెయ్యి పట్టుకుంది.

"గా బొమ్మ జర అట్లనే ఉండనియ్యక్కా. మా అవ్వ మిరపకాయలు ఎండవోసిన బండ ఇగ గీడనే ఉన్నది."

ఇక నేను మేకు దగ్గర్నుంచి కదల్లేదు. మావారు చేతిలో పటాన్ని వెనక్కి దాచుకుని, అద్దం పగిలిందండి, బాగుకిద్దామని తీశానండి అంటూ నసిగారు. పెద్దాయన బండల్ని ఒకసారి, నన్ను ఒకసారి చూసి, కాఫీ తాగి వెళ్లిపోయారు. పీడ విరగడైందనుకున్నాను. వారం తిరిగేసరికి ఇంకా పెద్ద మంచుకొండ, పగలని ప్లాస్టిక్ అద్దంతో సహా, ఆయన కొడుకు చేత పంపించారు!

అది పడగ్గదిలో బీరువా మీద చేరింది. ఆ తర్వాత వచ్చిన ప్రతిసారీ పెద్దాయన చెప్పులు విప్పి నేరుగా పడగ్గదిలోకి వెళ్లి, దాన్ని చూసుకుని వచ్చి గానీ కూర్చునేవారు కాదు. నాకు ఒళ్లు మండేది.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు గృహప్రవేశాలకు డబ్బు పెట్టిన కవర్లు ఇస్తున్నారు, ఇచ్చినవారెవరూ మళ్లీ ఇంటికి రారు. ఎదురింటామెకు చూపు మందగించింది, అయినా నిన్న గోడ తడుముకుంటూ వచ్చి బండలేవని అడిగింది. పాత చోటనే బెజ్జం వేయమని పెయింటరుతో చెప్పాను. అతను ఇంకెక్కడైనా కావాలా అని అడిగితే, బీరువా మీది మంచుకొండను దింపించి బండల పక్కన చోటు చూపించాను. మా అమ్మాయి తల పట్టుకుంది. పట్టుకోనీ. తానిచ్చింది నా గోడ మీద లేదేమని అలిగే మనిషి ఒక్కరైనా ఇప్పుడు తలుపు తడితే బాగుండునని ఉంది నాకు.