సీడీ తీసి అమ్మిన పత్రిక

ఆ శనివారం నేను ఒక కంప్యూటర్ మాసపత్రికకు అతికించి వచ్చిన సీడీని ఊడదీసి, ఉత్త పత్రికను ఒక అమ్మాయికి అమ్మాను. ఆ మాట ఆమెకు చెప్పలేదు. ధరా తగ్గించలేదు.

అప్పట్లో జగిత్యాల బస్టాండులో నాకు పుస్తకాల దుకాణం ఉండేది. ఇలాంటి పత్రికలను డిస్కు లేకుండానే అమ్మాలని వాదించేవాణ్ణి. కొనేవాళ్లలో చాలామందికి కంప్యూటరే లేదు. గొల్లపల్లి వైపు రైతులు ఆ సీడీలను మక్క చేలల్లో చిలుకలు బెదరడానికి కట్టేవారు. అడిగితే నేనే ఇచ్చేవాణ్ణి. ఎవరి పుస్తకంలోంచి తీయాలో మనిషిని చూసి నిర్ణయించేవాణ్ణి. ఆ అమ్మాయిది సిరిసిల్ల. తండ్రి సాంచెల మీద బట్ట నేసే కూలీ. ఆమె జగిత్యాలలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. అంతవరకే చూశాను.

గంటలోపే ఆమె తిరిగొచ్చింది.

"కాకా, అట్ట మీద సీడీ ఉన్నదని రాసిన్రు. ఏది?"

"నీకెందుకు బిడ్డా? ఇంట్ల కంప్యూటర్ ఉన్నదా?"

"మా నాయిన నడిపే సాంచెలే మాయి కావు, ఇగ కంప్యూటర్ ఏడికెళ్లి అస్తది? మా మామ డీటీపీ షాపుల రేపు కూసోనిస్తడు. సోమారం నాకు టైపింగ్ పరీక్ష. అండ్ల తెలుగు టైపింగ్ నేర్పేది ఉన్నదనే కొన్న."

"పుస్తకం సాలనుకున్న."

"అడుగుతే నోరు అరుగుతుండెనా? ఇంక నయం, నడుమల కాయితాలు చింపుకోలే!"

సిరిసిల్ల బస్సు కదులుతుంటే ఆమె పరుగెత్తి ఎక్కింది.

ఆ సీడీని ఆమె తిరిగొచ్చే లోపే ఒక రైతు అడిగి తీసుకుపోయాడు. దుకాణం మూసి గొల్లపల్లి పోయాను.

"తీస్కపో గని, చిలుకలకు ఏం జెప్పాలె?" అని నవ్వి, తీగ విప్పి ఇచ్చాడు. తీగ రాపిడికి సీడీ అంతా గీతలు పడ్డాయి. నెట్ సెంటర్లో పెట్టి చూస్తే తెరుచుకోలేదు.

కోరుట్ల బస్టాండులో నాలాగే పుస్తకాలు అమ్మే మిత్రుడి దగ్గర అదే నెల పత్రిక ఒకటి మిగిలి ఉంది. సీడీ కూడా ఉంది. అది కొని, ఆదివారం మొదటి బస్సుకు సిరిసిల్ల పోయాను. అడుగుతూ పోయి మూడో డీటీపీ షాపులో ఆమెను పట్టుకున్నాను.

"నీకు పనికిరాదని నేనే అనుకున్న. తప్పైంది బిడ్డా," అన్నాను, వాళ్ల మామ ముందే.

"గది తర్వాత జెప్పు కాకా. ముందుగాల సీడీ ఇటియ్యి, పొద్దు పోతున్నది."

డిస్కు లేని పత్రిక కూడా దొరకాలని ఇప్పటికీ అంటాను. ఏది కావాలో మాత్రం కొనేవాళ్లే చెప్పాలి. సోమవారం దుకాణం తెరవగానే, నేను ఊడదీసి దాచిన సీడీలు పదకొండు బయటికి తీశాను. గుర్తున్నవాళ్లను వెతికి ఏడు ఇచ్చాను. మిగిలిన నాలుగు ఎవరివో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.