బొమ్మలు కోసేసిన స్కాట్లాండ్ కథల పుస్తకం కోసం ఆర్కాన్సా దాకా

శనివారం ఉదయం పదకొండు గంటలకు మేము ఆ పాత పుస్తకాల దుకాణంలో అడుగుపెట్టేసరికి, కొనడానికి వచ్చిన పుస్తకంలో ఒక్క బొమ్మా లేదు. ముందురోజు మధ్యాహ్నం దుకాణదారు వాటిని బ్లేడుతో కోసి, ఫ్రేములు కట్టి అమ్మేశాడు.

అది స్కాట్లాండ్ పల్లె కథల సంపుటి. కొద్ది కాపీలే వేసి, ప్రతి కాపీకీ నంబరిచ్చిన సచిత్ర ముద్రణ. కథలు వేరే చోట్ల కూడా దొరుకుతాయి, బొమ్మలు మాత్రం ఇందులోనే ఉన్నాయి. ఫ్రిస్కోలో ఉండే నా స్నేహితురాలు మాధవి ఈ కథల్ని తెలుగు చేస్తోంది. వారమంతా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, శని ఆదివారాలు అనువాదం. ఆ పల్లెల్లో చిత్తడినేల మట్టిని ఒక రకం పారతో గడ్డలుగా కోసి, ఎండబెట్టి పొయ్యిలో కాలుస్తారు. ఆ పారని ఎలా పట్టుకుంటారో, కోసిన గడ్డని ఎవరు అందుకుంటారో తెలియక నాలుగో కథ దగ్గర ఆగిపోయింది. "నెట్‌లో వెతికితే మ్యూజియంలో గోడకి తగిలించిన పార వస్తుందక్కా. మనిషి చేతిలో ఎలా ఉంటుందో రాదు," అంటుంది. ఈ పుస్తకానికి బొమ్మలు వేసిన చిత్రకారుడు ఆ ఊళ్లలోనే ఉండి, పనులు చూసి గీశాడు. నెలాఖరుకల్లా ఆమె ప్రచురణకర్తకు రాతప్రతి ఇవ్వాలి.

ఆ శనివారం పొద్దున ఆరింటికి ఇర్వింగ్‌లో మా ఇంటి నుంచి బయల్దేరి, ఫ్రిస్కోలో మాధవిని ఎక్కించుకుని, 380 హైవే మీదుగా గ్రీన్‌విల్ వెళ్లి అక్కడ I-30 ఎక్కాను. టెక్సార్కానా దగ్గర ఆర్కాన్సాలోకి దాటాక ఇంకో గంట. ఆ గంటలో హైవే దిగే ఎగ్జిట్లు దూరం దూరంగా ఉంటాయి, కారుకి గ్యాస్ ముందే కొట్టించుకోండి. రానూపోనూ ట్యాంకున్నర పట్టింది.

"అక్కా, నువ్వు స్పీడ్ లిమిట్ దాటవు. చీకటి పడేలోపు చేరతామా?"

"టికెట్ వస్తే నువ్వు కడతానంటే చెప్పు, దాటుతా."

దుకాణదారు అరవై దాటిన మనిషి, మర్యాదస్తుడు. పుస్తకాన్ని గుడ్డతో తుడిచి మరీ మా ముందు పెట్టాడు. మాధవి తెరిచింది. బొమ్మ ఉండాల్సిన చోట గోరంత వెడల్పు కాగితపు అంచు మిగిలింది. ఇంకో బొమ్మ చోటికి తిప్పింది. అక్కడా అంతే.

"బొమ్మలేవి?"

"నిన్న వెళ్లిపోయాయి మేడమ్. మా ఊరి డెంటిస్ట్ వెయిటింగ్ రూమ్‌కి అన్నీ తీసుకున్నాడు."

"ఫోన్ చేస్తే నాకోసం ఉంచుతానన్నారు. కార్డ్ నంబర్ ఇస్తానంటే అక్కర్లేదన్నారు."

"ఉంచాను కదా. ఇదిగో."

"పేజీలన్నీ ఉన్నాయా అని అడిగాను."

"ఉన్నాయి. బొమ్మల కాగితాలకి పేజీ నంబర్లుండవు. చూసుకోండి, ఒక్క నంబరూ తప్పలేదు."

చూశాను. నిజమే, ఒక్కటీ తప్పలేదు. నాకు ఒళ్లు మండింది అక్కడే. గొంతు పెంచకుండా అడిగాను.

"ఈమె ఎప్పుడు ఫోన్ చేసింది?"

"బుధవారం."

"మీరు కోసింది?"

"శుక్రవారం, లంచ్ తర్వాత."

"అంటే ఈమె వస్తోందని తెలిసే కోశారు."

"ఫ్రేము కడితే ఎక్కువ వస్తుంది మేడమ్. ఈ వ్యాపారంలో అందరూ చేసేదే." పుస్తకం సగం ధరకి ఇస్తానన్నాడు. కోసేముందు ఫొటోలైనా తీశారా అని అడిగితే, అట్ట ఒక్కటే తీశానన్నాడు. మాధవి పుస్తకం మూసి అతని వైపు జరిపింది.

డెంటిస్ట్ ఆఫీస్ రెండు వీధుల అవతలే. శనివారం సెలవు. అద్దంలోంచి చూస్తే రిసెప్షన్ వెనక గోడ మీద వరసగా ఫ్రేములు. "మూడోది అక్కా, మట్టి కోసే బొమ్మ అదే," అంది మాధవి, నుదురు అద్దానికి ఆనించి. ఒక ఆడమనిషి వంగి పని చేస్తోంది. చేతులున్న చోట ఫ్రేము అద్దం మీద ఎండ తళుకు తప్ప ఏమీ కనబడలేదు.

ఇందులో ఎవరూ చట్టం తప్పలేదు. పుస్తకం అతనిది, బ్లేడు అతనిది. గోడకి అందమైన బొమ్మలు కావాలనుకోవడం డెంటిస్ట్ తప్పూ కాదు. కానీ నంబరిచ్చి లెక్కగా అచ్చేసిన పుస్తకాల్లో ఒకటి శుక్రవారం పోయింది. దాన్ని చదవాల్సిన మనిషి వస్తోందని తెలిసి పోగొట్టారు. దానికి వ్యాపారం అనే మాట నాకు సరిపోదు.

ఇలాంటి పుస్తకం కోసం దూరం వెళ్లేవాళ్లు ఫోన్‌లో పేజీల సంగతి అడిగి ఊరుకోకండి. మొదట్లో చిత్రాల పట్టిక ఉంటుంది. ఆ పట్టికా, ప్రతి బొమ్మా ఫొటో తీసి పంపమనండి. డబ్బు కట్టి రసీదు తీసుకున్నాకే కారెక్కండి.

బొమ్మలు చూడ్డానికి రావచ్చా అని సోమవారం మాధవి డెంటిస్ట్ ఆఫీస్‌కి ఫోన్ చేసింది. వెయిటింగ్ రూమ్ పేషెంట్లకే అన్నారు. ఈ ఏడాది ఇన్సూరెన్స్‌లో వచ్చే రెండో పళ్ల క్లీనింగ్ వాడుకోలేదని ఆమెకి గుర్తొచ్చింది. వచ్చే మంగళవారం రెండింటికి అపాయింట్‌మెంట్. ఫొటోలకి అప్పుడూ వీల్లేదట, ఎంతసేపైనా కూర్చోవచ్చట. ఆఫీస్‌కి సెలవు పెట్టి, చూసి గీసుకోవడానికి పెన్సిళ్లు చెక్కుకుని, పన్నెండింటికే వెళ్లి కూర్చుంటానంది. డ్రైవింగ్ నాది.