జర్మనీ మాస్టారు తీసేయమన్న అధ్యాయం

మొన్న సాల్ట్ లేక్‌లో, కొడుకింట్లో, మనవరాలి స్కూలు అట్టకు మైదా జిగురు ఉడికించాను. ఇంట్లో పిండి ఉండగా గమ్ము సీసా కొనడమేమిటి? అది కాస్తా అడుగంటింది. ఆ మాడు వాసనకు ఒకప్పుడు మేమున్న సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లూ, పక్కింటి జర్మనీ మాస్టారూ గుర్తొచ్చి, ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆయన మీద ఒళ్ళు మండింది.

ఆయన జర్మనీ చూసినవారు కారు. రైల్వే బడిలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. వాళ్ళ నాన్న మన కోస్తాలో ఒక జర్మనీ పాదిరీ బంగళాలో వంట చేసేవారట. పాదిరీ వెళ్ళిపోతూ తన సొంతూరి గురించిన పుస్తకాలు పెట్టెడు ఇచ్చాడట. ఆ ఊరి పేరుకు నా నోరు తిరగదు. నది ఒడ్డున కోటగోడ, గోడ పక్కన సన్యాసుల మఠం. వందల ఏళ్ళ నాటి ఆ ఊరి చరిత్రను తెలుగులో రాయాలని మాస్టారి పట్టు. ఎవరు చదువుతారని అడిగిన మనిషిని నేనొక్కదాన్నే.

నీటికాసులతో ఆయన చూపు తగ్గిపోతోంది. పూర్తిగా పోయేలోగా పుస్తకం ముగించాలని ఆరాటం. నాలుగో తరగతితో బడి మానిన నన్ను పట్టుకున్నారు. మధ్యాహ్నం అంట్లు తోముకుని వెళ్ళి, రాసింది చదివి వినిపించాలి, చెప్పింది రాయాలి, చీటీలు జిగురుతో అతికించాలి.

"ఒత్తు మింగేశావు రత్నమ్మా. మళ్ళీ చదువు."

"మింగడానికి అదేమైనా అన్నమేటి మాస్టారూ? అక్కడ పొయ్యి మీద పప్పు మాడిపోతంది."

"మాడనీ. ఆ సన్యాసులు ఉపాసాలుండి రాసినారు."

మొదటి అధ్యాయంలో ఒక చక్రవర్తి అడవినీ, నది మీది పిండిమరనూ మఠానికి దానపత్రం రాసిచ్చాడు. దాని చుట్టూ ఊరు వెలిసింది. నలభై పేజీలు, అన్నీ నా చేతిరాతే. ఒకరోజు పడవలో గంగ దాటించి ఆయన్ను లైబ్రరీకి తీసుకెళ్ళాను. భూతద్దంతో ఏదో కొత్త పుస్తకం చదివి, నీరసంగా వచ్చి కూర్చున్నారు.

"ఆ దానపత్రం దొంగదట. మర ఊరిదా మఠానిదా అని తగువొస్తే, ఎప్పుడో పోయిన రాజు పేరుతో సన్యాసులే రాసుకున్నారు. ఆ అధ్యాయం తీసి పారెయ్."

"పారెయ్యడమేటి? ఎన్ని కాయితాలు! ఎన్నాళ్ళ కష్టం! మీ కళ్ళు అందాకా ఆగుతాయేటి?"

"పారెయ్."

నేను పారెయ్యలేదు. తీసేశానని చెప్పి కట్టలోనే ఉంచాను. ఆయనకు సరిగా కనబడదు కదా, పుస్తకం ముగిస్తే చాలనుకున్నాను. మర్నాడు మాస్టారు కట్టను చేత్తో ఎత్తి చూశారు.

"బరువు తగ్గలేదేటి?"

ఆయన కోప్పడినా బాగుండేది.

"సన్యాసులూ ఇలాగే అనుకునుంటారమ్మా. అంతా మఠం మంచికే కదా, ఎవరు చూస్తారని."

నా చేత్తోనే నలభై పేజీలూ తీశాను. వాటి చోట ఒక్క వాక్యం రాయించారు: 'ఈ ఊరు ఎలా పుట్టిందో మనకు తెలియదు.' పుస్తకం మూడో అధ్యాయం దాటకుండానే చూపు పోయింది. తర్వాత రెండేళ్ళకు ఆయనా పోయారు.

కిందటేడు మా ప్రార్థన మందిరానికి మొదటి ఇటుక మా మావగారే పెట్టారని సంఘపెద్దలు పలక చెక్కిస్తామన్నారు. పెద్దదాన్ని కనుక నన్ను సాక్షి సంతకం పెట్టమన్నారు. నేను చూడలేదు, చూసినవాళ్ళెవరో నాకు తెలియదు అన్నాను. పలక ఆగిపోయింది. నా కొడుకు వారం రోజులు మాట్లాడలేదు. "ఒక్క సంతకానికి నీదేటి పోయిందమ్మా?" అన్నాడు. ఏమీ పోదని నాకూ తెలుసు. అయినా చెయ్యి ఆడలేదు. మాస్టారు బతికుండగా నా మధ్యాహ్నాలన్నీ తిన్నారు, ఇప్పుడు కన్నకొడుకుతో మాట దక్కకుండా చేశారు మహానుభావుడు.