మెట్ల కింద పొరుగు

ఈ పొద్దున మా ఆఫీసులో కొత్త ప్రోగ్రాం ఒకటి, కంప్యూటర్లని కలిపే పెట్టెల్లో ఏ కంపెనీదాని పక్కన ఏ కంపెనీది ఉందో నెట్‌వర్క్ మొత్తం బొమ్మ గీసి చూపించింది, నా కాఫీ చల్లారేలోపే. పక్క సీట్లలో పిల్లలు తలెత్తి కూడా చూడలేదు గానీ, నాకు మాత్రం పటమటలో నా మొదటి ఉద్యోగం, ఆ ఆస్పత్రి కళ్ళ ముందు కదిలి, మన తరం వాళ్ళతోనైనా చెప్పుకోవాలనిపించింది.

మాది పెడన వైపు మగ్గాల ఇల్లు. డిగ్రీ చదివిందీ, నెలజీతం తెచ్చిందీ మా ఇంట్లో నేనే మొదలు. ఆ ఉద్యోగం ఇంకా ఖాయం కాకముందే, ల్యాబ్ రిపోర్టులు డాక్టర్ల గదులకి ఒక పూట చేరి ఇంకో పూట ఆగిపోవడం మొదలైంది. ఇందాక చెప్పిన పెట్టెల్ని స్విచ్‌లంటారు, అడిగితే అవి తమ పొరుగు స్విచ్‌ల పేర్లు చెప్తాయి. అలా వచ్చిన పేర్లలో ల్యాబ్ వైపు ఏదీ లేదు కనక అక్కడ స్విచ్చే లేదనీ, గోడలో వైరు పోయిందనీ, గోడ పగలగొట్టాల్సిందేననీ మా కంప్యూటర్ సెక్షన్ ఇన్‌చార్జి గారు తేల్చేశారు. అంటే ల్యాబ్ మూత.

"సాయంత్రంలోపు నువ్వేమన్నా కనిపెడితే సరే. లేకపోతే నీ కన్ఫర్మేషన్ సంగతి తర్వాత చూద్దాంలేమ్మా" అన్నారు.

మా నాయనమ్మ, కొత్త కోడలిగా వచ్చిన అమ్మని పరిచయం చేయడానికి వీధంతా తిప్పుతూ మగ్గమున్న గడపలే ఎక్కించిందట. గోడ కలిసిన కుమ్మరి వారిల్లు మాత్రం దాటేసింది. ఆ ఇంటావిడ రోజూ గోడ మీంచి పలకరిస్తున్నా, తనని కాదనుకుని అమ్మ చాన్నాళ్ళు తల తిప్పుకునేదట. అది గుర్తొచ్చింది నాకు. మా స్విచ్‌లు కూడా తమ కంపెనీ భాషలోనే పొరుగుని అడుగుతున్నాయి. అన్ని కంపెనీలకీ అర్థమయ్యే ఉమ్మడి భాష ఒకటుందని కాలేజీలో చదివాను, మా స్విచ్‌లలో దాన్ని ఆపేసి ఉంచారు. ఆన్ చేశాను.

"పరాయి కంపెనీ సరుకు మన బిల్డింగులో ఎక్కడిదమ్మా?" అని ఇన్‌చార్జి గారు నవ్వుతుండగానే తెర మీద కొత్త వరస పడింది. వేరే కంపెనీ స్విచ్. దాన్ని బిగించినవాళ్ళు దానికి పెట్టిన పేరు, 'ల్యాబ్ మెట్ల కింద'.

వెళ్ళి చూస్తే మెట్ల కింద అలమారలో, ఉతికి మడతపెట్టిన దుప్పట్ల అడుగున, పెనంలా కాగిపోయి ఆగుతూ లేస్తూ ఉంది. దుప్పట్లు తీసేసి గాలి తగలనిచ్చాక రిపోర్టులు ఆగలేదు, నా ఉద్యోగమూ ఆగలేదు.

ఆ వార్త మోసుకుని బస్సెక్కి ఇంటికెళ్తే, నాన్న మగ్గం గుంటలోంచి లేవకుండానే అంతా విని, "పక్కనెవరున్నారో చెప్పినందుకు జీతమిస్తారా అమ్మాయ్? అట్టాగైతే మీ పిన్నికి ఎంతివ్వాలో!" అన్నాడు. అక్కడే కండెలు చుడుతూ విన్న పిన్ని నెలరోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఇప్పుడు మెట్ల కింద వంగి చూసే పని ఎవరికీ లేదు, బొమ్మ దానంతటదే వస్తుంది. భవానీపురంలో మా ఎదురు ఫ్లాట్‌లో దిగినవాళ్ళ పేరు మాత్రం నాకింకా తెలీదు. లిఫ్టులో ఆవిడ రోజూ నన్ను చూసి నవ్వుతూనే ఉంటుంది.