ఏడుకొండలు కాలికి కుదిరిన పెడల్

అది 2007. ఏలూరు వన్ టౌన్‌లో నాకు సంగీత వాయిద్యాల కొట్టు ఉండేది. అమ్మకం ఒక పక్క, రిపేరు ఒక పక్క. హార్మోనియం రీడ్లు సరిచేయడం, తబలాలకు మూతలు మార్చడం, పెళ్ళి బ్యాండుల డ్రమ్ములకు కొత్త షీట్లు బిగించడం నా పని. కార్తీకమాసం వచ్చిందంటే ఊపిరి సలిపేది కాదు. భజనలు, పడిపూజలు, పెళ్ళిళ్ళు అన్నీ ఒక్కసారే నా నెత్తిన పడేవి.

ఆ కార్తీకంలోనే ఏడుకొండలు భుజాన బియ్యం సంచి వేసుకుని వచ్చాడు. నల్ల పంచె, మెడలో అయ్యప్ప మాల. మాల వేసుకున్నవాణ్ని ఎవరైనా స్వామీ అనే పిలుస్తారు, సాయిబునైనా నేనూ అంతే. ‘ఏడుకొండలు స్వామీ’ అని పిలుస్తుంటే తిరుపతి దేవుడే రిపేరుకొచ్చినట్టుందని ఆటపట్టించాను. మామూలుగా అయితే పగలబడి నవ్వే మనిషి. ఆ రోజు నవ్వలేదు.

“మీరిచ్చిన పెడల్ పాడైపోయిందండి సాయిబుగారూ,” అని సంచిలోంచి దాన్ని తీసి బల్ల మీద పెట్టాడు.

డ్రమ్ సెట్‌లో నేల మీద ఆనించి ఉండే పెద్ద డ్రమ్మును బేస్ డ్రమ్ అంటారు. దాన్ని చేత్తో వాయించరు. కాలి కింద ఫుట్‌బోర్డ్ అనే ఇనప రేకు ఉంటుంది. దాన్ని తొక్కితే చైన్ లాగుతుంది, బీటర్ అనే చిన్న సుత్తి వెళ్ళి డ్రమ్ముకు తగులుతుంది. స్ప్రింగ్ దాన్ని మళ్ళీ వెనక్కి తెస్తుంది. ఈ సరంజామా అంతటినీ కలిపి పెడల్ అంటారు. జనం డ్రమ్మర్ చేతులనే చూస్తారు గానీ పాటకు గుండెకాయ ఆ కాలి దగ్గర ఉంటుంది.

ఏడుకొండలుది కొల్లేట్లో ఒక లంక గ్రామం. పుట్టిన దగ్గర్నుంచీ నీళ్ళలోనే బతుకు. పడవ నడిపాడు, వలలు వేశాడు, తర్వాత చేపల చెరువు మీద కాపలాకు కుదిరాడు. ఊళ్ళో భజనలకు వాయించి వాయించి డ్రమ్స్ నేర్చుకున్నాడు. అంతకుముందు ఏడాది సర్కారువాళ్ళు కొల్లేట్లో చెరువుల గట్లు కొట్టేశాక పని పోయింది. అప్పుడు తాడేపల్లిగూడెంలో సత్యం మాస్టారి ఆర్కెస్ట్రాలో చేరాడు. మాస్టారు కీబోర్డ్ వాయిస్తూ బృందాన్ని నడిపేవారు. శ్రావణమాసం పెళ్ళిళ్ళ ముందు ఏడుకొండలు నా కొట్లోనే ఈ పెడల్ కొన్నాడు.

“ఏమైంది దీనికి?” అన్నాను.

“దెబ్బ ఆలస్యంగా పడుతుందండి. నేను తొక్కేది ఒకప్పుడు, మోగేది ఒకప్పుడు. మాస్టారు రెండు ప్రోగ్రాములు చూసి ఊరుకున్నారండి. ఆయన కొత్త కీబోర్డ్ కొన్నారు కదండీ, అందులో బటన్ నొక్కితే డ్రమ్స్ అవే వాయించేసుకుంటాయండి. గణపవరం పడిపూజలో కూడా ఇలాగే అయితే ఇంక ఆ మిషనే పెట్టేసుకుంటానన్నారండి.”

“పోనీ, మళ్ళీ చెరువు పనేదైనా...”

“చెరువులెక్కడున్నాయండి? ఈ కాలు ఆడితేనేనండి ఇంట్లో పొయ్యి వెలిగేది.”

నాకా మిషన్లంటే ఒళ్ళు మంట. తప్పు వాయించవు, నిజమే. చెమట కూడా పట్టదు వాటికి. ఈ మనిషి పొట్ట మీద అది కొట్టబోతోందనేసరికి ఇంకా మండింది.

పెడల్ మంచిదో కాదో చూడటానికి నాకో పద్ధతి ఉంది. ముందు ఫుట్‌బోర్డును పట్టుకుని పక్కలకు కదిపి చూస్తాను. వదులుగా ఆడిందంటే అది ఎక్కువ కాలం మన్నదు. తర్వాత బీటర్‌ను వేలితో వెనక్కి లాగి వదులుతాను. ఉయ్యాలలాగా చాలాసేపు ఊగాలి. చప్పున ఆగిపోతే లోపల బేరింగ్ పట్టేస్తున్నట్టు. చివరగా డ్రమ్ అంచును పట్టుకునే క్లాంప్. అది సడలితే వాయిస్తున్న కొద్దీ డ్రమ్ము ముందుకు నడిచి వెళ్ళిపోతుంది. కొల్లేటి తేమకు చైన్ తుప్పు పట్టిందేమోనని అదీ చూశాను. అన్నీ శుభ్రంగా ఉన్నాయి.

“దీనికి ఏ రోగమూ లేదు స్వామీ,” అన్నాను.

“కాదండీ, ఇది పోయిందండి. ఆ పైనున్న డబుల్ చైన్‌ది ఇప్పించండి.”

రిపేరుకొచ్చే ప్రతివాడూ డాక్టరే. జబ్బేదో, మందేదో వాళ్ళే చెప్పేస్తారు. ఏడుకొండలు చూపించింది కొట్టుకే పెద్ద పెడల్. రెండు వరసల చైన్, బరువైన ఫుట్‌బోర్డ్, దాని మీద పొంగుతేలిన అక్షరాలతో కంపెనీ పేరు. అమ్మేస్తే ఆ పూటకు నాకు పండగే. కానీ నచ్చజెప్పలేక, “కొనద్దు, రెండు రోజులు వాడి చూడండి,” అని ఊరికే ఇచ్చి పంపాను.

రెండో రోజుకే తిరిగొచ్చాడు. మొహం వాడిపోయి ఉంది. ఇది ఇంకా ఘోరంగా ఉందట. మాస్టారి ఎదుట రిహార్సల్లో లయ మొత్తం చెడిందట. కుంటుకుంటూ వచ్చి బల్ల మీద కూలబడ్డాడు.

“నా చెయ్యి బానే ఉందండి. కాలే మొద్దుబారిపోయిందేమోనండి. వయసైపోయిందంటారా?” అన్నాడు. నలభై దాటాయి గానీ వయసైపోయే మనిషి కాదు. ఆ మాట విని నాకు చాలా బాధేసింది.

కొట్లో ఉన్న డ్రమ్ సెట్ దగ్గర కూర్చోబెట్టి, పాత పెడలే బిగించి, వాయించమన్నాను. నేను నేల మీద బోర్లా పడుకుని చైన్ దగ్గర చెవి పెట్టాను. వినడానికి పడుకున్నవాణ్ని, చూడాల్సింది కనపడింది. ఏడుకొండలు పాదం రేకు మీద వేళ్ళు బిగించి ఉంది, వాన పడ్డ గట్టు మీద జారకుండా నడిచేవాడిలా. చెమటకు రేకు నిగనిగలాడుతోంది. ఒక్కో దెబ్బకీ ముందు కాలు పట్టు వెతుక్కుంటోంది, ఆ తర్వాతే తొక్కుతోంది. అరికాలు తిప్పి చూస్తే పెద్ద పెడల్ మీది అక్షరాలు ఎర్రగా అచ్చుపడి ఉన్నాయి.

“శ్రావణంలో ఏమేసుకుని వాయించారు మీరు?”

“కాన్వాసు బూట్లండి. ఎప్పుడూ అవేనండి. మాలలో ఉండి చెప్పులే వేసుకోకూడదు, ఇంక బూట్లెక్కడివండి?”

కార్తీకమాసంలో కొట్టుకొచ్చే ప్రతి స్వామీ ఉత్తకాళ్ళతోనే వస్తాడు. అందుకే అది నా కంటికి ఆనలేదు. శ్రావణంలో ఆ స్ప్రింగ్‌ను నేనే, కాలికేముందో పట్టించుకోకుండానే, బూటు బరువుకు తగ్గట్టు బిగించాను. ఇప్పుడు అదే స్ప్రింగ్‌తో తేలికపాటి ఉత్త పాదం, అదీ జారే రేకు మీద, పోట్లాడుతోంది. పెడల్‌కు రోగం లేదు, కాలికీ లేదు. వాటి పొత్తు చెడింది, అంతే.

ఉత్సాహం ఆగక తబలా మూతల కోసం ఉంచిన మేక తోలు ముక్క తీసి, “ఇది అంటిస్తే జారదు,” అంటూ రేకు మీద పరిచాను. ఏడుకొండలు నిప్పు తొక్కినట్టు కాలు వెనక్కి లాక్కున్నాడు.

“స్వామియే శరణం! తోలు వద్దండి బాబూ, దీక్షలో ఉన్నాను.”

నాలిక్కరుచుకున్నాను. సైకిల్ ట్యూబు ముక్క వేసి చూశాం. అది జారదు సరే, చెమటకు అతుక్కుపోయి కాలిని కదలనివ్వదు. వెంట వెంటనే రెండు దెబ్బలు పడాలంటే పాదం కొంచెం జరగాలి. అన్నం వేళకు ఇంటికెళ్ళి మా ఆవిడ రహీమా దగ్గర ఇదంతా వెళ్ళగక్కాను. మా ఇంట్లో ఆడవాళ్ళు తివాచీలు నేస్తారు. తను అన్నం వడ్డిస్తూనే, “మేం మగ్గం కింద పలక మీద జనపనార పట్టా వేసుకుంటాం కదా. రోజంతా ఉత్తకాళ్ళతోనే తొక్కుతాం. ఎప్పుడైనా జారి పడ్డామా?” అంది. చెయ్యి కడుక్కుని, ఆ పట్టాలోంచే ఒక ముక్క కోయించుకుని కొట్టుకు పరిగెత్తాను.

ముక్కను రేకు కొలతకు అంటించాను. స్ప్రింగ్ సడలించాను. బీటర్‌ను కాస్త ముందుకు వంచాను, పాదం తక్కువ దూరం నొక్కినా దెబ్బ పడేలా. ఏడుకొండలు తొక్కి చూశాడు. ఇంకోసారి తొక్కాడు. మూడోసారి వేళ్ళు విప్పుకున్నాయి. అప్పుడు మొహంలో నవ్వొచ్చింది, ఆ కార్తీకంలో మొదటిసారి.

గణపవరం పడిపూజకు నేనూ బస్సెక్కి వెళ్ళాను. ఇంట్లో కూర్చుంటే కాలు నిలిచేలా లేదు. సాయంత్రం వేదిక మీద సత్యం మాస్టారి కుడి చెయ్యి కీబోర్డ్ మెట్ల మీద ఉంటే, ఎడమ చేతి వేలు ఆ డ్రమ్స్ బటన్ పక్కనే కాచుకుని ఉంది. మొదటి భజన అంతా నేను ఆ వేలినే చూశాను. బేస్ డ్రమ్ గుండెల్లో మోగుతోంది, సరిగ్గా పడాల్సిన చోట పడుతోంది. రెండో భజనలో వేలు కొంచెం పక్కకు జరిగింది. మూడోది అందుకునేసరికి మాస్టారు ఆ చేతిని కూడా మెట్ల మీదకు తెచ్చేసి, కళ్ళు మూసుకుని రెండు చేతులతో వాయిస్తున్నారు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సిగ్గేం లేదు చెప్పుకోవడానికి.

పూజ అయ్యాక మాస్టారు డ్రమ్ముల దగ్గరికొచ్చి, “సంక్రాంతి వెళ్ళాక మాఘమాసం పెళ్ళిళ్ళన్నిటికీ నువ్వేనయ్యా,” అని భుజం తట్టి వెళ్ళారు.

ఆ తర్వాత నేను అనుభవంతో నేర్చుకున్నది ఒకటే. నమ్మకమైన పెడల్ ఏదని ఎవరడిగినా, అల్మారా తలుపు తెరిచే ముందు వాయించేటప్పుడు కాలికి ఏమేసుకుంటారని అడుగుతాను. గట్టిది, ఖరీదైనది, పేరున్నది అని పెడల్స్‌లో చాలా ఉంటాయి. వాటిలో తన కాలికి లొంగేదే నమ్మకమైనది. చాలామంది వింతగా చూస్తారు. చూడనీ.

కానీ నేనూ సగమే నేర్చుకున్నానని పుష్యమాసంలో తెలిసింది. ఏడుకొండలు శబరిమల వెళ్ళి మాల తీసేసి, ప్రసాదం పట్టుకుని కొట్టుకొచ్చాడు. “మీరు తీసుకుంటారాండీ?” అని మొహమాటంగా అడిగాడు. చెయ్యి చాపి తీసుకున్నాను. తర్వాత స్క్రూడ్రైవర్ అందుకున్నాను.

“పెడల్ తెచ్చారా? దీక్ష అయిపోయిందిగా, మళ్ళీ బూటుకు సరిపడా బిగించేస్తాను.”

“వద్దండి సాయిబుగారూ, అలాగే ఉంచేయండి,” అన్నాడు. “పడవ చెక్క మీద నిలబడితే కింద నీళ్ళెంత లోతో, బురదుందో లేదో నా అరికాలికి తెలిసిపోయేదండి. అలాంటి కాలికి ఇన్నేళ్ళూ బూటు తొడిగి చెవుడు తెప్పించానండి. ఇప్పుడు డ్రమ్ము నాకు కాలితో వినపడుతుందండి.”