కనకరత్నం టీచరు గొంతు

పరీక్ష కాగితాలు పంచుతూ "సైలెన్స్!" అని అరవబోతే కనకరత్నం గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. తొమ్మిదో తరగతి పిల్లలు నవ్వారు. ఆవిడా నవ్వింది. ఇంటికొచ్చి బాత్‌రూమ్ తలుపేసుకుని "అ" అనబోయింది. రాలేదు. మళ్ళీ అనబోయింది. మళ్ళీ గాలే.

కూర్మన్నపాలెంలో ఒక ప్రైవేటు బళ్ళో చాలా ఏళ్ళుగా లెక్కలు చెబుతోంది ఆవిడ. గది నిండా పిల్లలు, పైన గరగరలాడే ఫ్యాన్లు, కిటికీ అవతల లారీలు. వీటన్నిటినీ దాటి వినపడాలంటే అరవాల్సిందే. ఆ అరుపే ఆవిడ ఉద్యోగం. అది పోతే ఇంకో పని రాదు.

ద్వారకా నగర్‌లో డాక్టరు గొట్టం పెట్టి చూసి, గొంతులో తీగల మీద కాయలు కాశాయన్నాడు. "వేసవి సెలవులే కదమ్మా. బడి తెరిచేదాకా మాట్లాడకండి. తగ్గకపోతే ఆపరేషన్. ఆ తర్వాత గొంతు ఎలా ఉంటుందో మాత్రం చెప్పలేను."

ఆ ఆఖరి ముక్క బస్సులో ఉక్కునగరంలో ఇంటిదాకా ఆవిడ పక్కనే కూర్చుని వచ్చింది.

"మాటాడొద్దన్నాడా?" అన్నాడు భర్త జగ్గారావు. స్టీల్‌ప్లాంటు ఉద్యోగి, నైట్ షిఫ్టుల మనిషి. "ఓలమ్మ! ఇన్నాళ్ళకి నా మొర ఆలకించాడే దేవుడు!"

ఆవిడ మొహం చూసి నవ్వు మింగేశాడు.

అయినా ప్రైవేటు బళ్ళో సెలవులు పిల్లలకే గానీ టీచర్లకెక్కడివి? మే ఎండల్లో ఇల్లిల్లూ తిరిగి కొత్త పిల్లల్ని చేర్పించాలి. "మీ సెక్షన్‌కి పిల్లల్ని మీరే తెచ్చుకోండి" అని ప్రిన్సిపాల్ శ్రీరామ్మూర్తి ముందే తేల్చేశాడు. సైన్సు టీచరు పుష్పతో కలిసి కనకరత్నం ప్లాంటు క్వార్టర్స్ మీద పడింది. డాక్టరు మాట మీరుతున్నానని ఆవిడ అనుకోలేదు. మాట్లాడటం లేదుగా, గుసగుసలాడుతోందంతే.

ఆ ఇంట్లో గుసగుసని మాట కింద ఎవరూ జమకట్టరు. జగ్గారావు రాత్రంతా పనిచేసొచ్చి పగలు పడుకుంటాడు. కాపరానికి వచ్చిన దగ్గర్నుంచీ కూరలవాడితో బేరమైనా, కూతురు హరిచందనకి తిట్లయినా గుసగుసల్లోనే. చుట్టుపక్కల క్వార్టర్స్‌లో కూడా అంతే. తలుపు తడితే చాలు, ఇల్లాలు నోటిమీద వేలేసుకుని వచ్చేది.

"నెమ్మదమ్మా, నైటుకెళ్ళొచ్చి పడుకున్నాడు."

ఇంక అందరూ గుమ్మంలోనే తలలు దగ్గర పెట్టుకుని, దొంగతనానికి పథకం వేస్తున్నట్టు, పిల్లల చదువుల గురించి గుసగుసలాడుకునేవారు.

మే సగంలో మళ్ళీ చూపించుకోడానికి వెళ్తే డాక్టరు మొహం మాడ్చాడు. "కాయలు పెరిగాయి. మాట్లాడుతున్నారా?"

"లేదండి. ఒక్క ముక్క కూడా మాటాడలేదండి" అని గుసగుసలాడింది.

డాక్టరు పెన్ను కింద పెట్టాడు. "మరి ఇప్పుడు చేసిందేంటి?"

"ఇది మాట కాదు కదండీ..."

"మాట కన్నా ఇదే చెరుపమ్మా! గుసగుసలాడుతుంటే తీగలు ఇంకా బిగుసుకుపోతాయి."

సగం సెలవులు పోయాయి. ఉన్న గొంతుని తనే, జాగ్రత్త అనుకుంటూ, చేతులారా పాడుచేసుకుంది. బస్టాండులో కూర్చుంటే ఎండకి కాదు, భయానికి చెమటలు పట్టాయి.

సంగతి విని పుష్ప అదిరిపోయింది. "నీ వంతు ఇళ్ళు కూడా నానే తిరుగుతాను అక్కా. నువ్వు నోరు మూసుకుని పడుకో. తిట్టడం కాదు, నిజంగానే మూసుకో!"

కనకరత్నం మూసుకుంది. కూతుర్ని పిలవాలంటే పళ్ళెం మీద గరిటెతో కొట్టేది. ఇల్లు అలా మూగబోయేసరికి జగ్గారావుకీ గుబులు పట్టుకుంది. "ఇంత నిశ్శబ్దంలో నిద్దర పట్టట్లేదే. సేత్తోనైనా ఒక తిట్టు తిట్టు" అని బతిమాలాడు. పుచ్చకాయల బండివాడి మైకు లాంటిది కొనిస్తానన్నాడు. దిండుతో కొట్టింది.

మధ్యాహ్నాలు లెక్కల పుస్తకం ముందేసుకునేది. ప్రతి పాఠంలో ఎక్కడ తను నోరు తెరవక తప్పదో, ఎక్కడ పిల్లల చేతే చెప్పించొచ్చో వెతికేది. బోర్డు దగ్గర ఒకరు లెక్క చేస్తే, తప్పు ఇంకొకరు పట్టుకోవాలి. ఇన్నేళ్ళలో సగం అరుపులు వృథాయేనని అప్పుడు తెలిసింది. తెలిస్తే మాత్రం భయం పోతుందా? క్లాసులో నోరు తెరవడం, గాలి రావడం, పిల్లలు నవ్వడం కళ్ళముందు ఆడేది. పుస్తకం మూసేసేది.

బడి తెరిచే ముందు డాక్టరు "అ అనండి" అన్నాడు. ఆవిడ దవడలు విడలేదు. రాకపోతే? ఆయన ఆగాడు. చివరికి అంది. బొంగురుగా, తక్కువ స్థాయిలో, ఎవరో పరాయి మనిషిది లాంటి గొంతు వచ్చింది.

"తగ్గాయి. పూర్తిగా పోలేదు. మళ్ళీ అరిచారో, ఆపరేషనే."

మర్నాడు శ్రీరామ్మూర్తి గదిలో నిలబడింది. పొద్దుటి అసెంబ్లీ నడపడం తన వల్ల కాదనీ, వరసగా పీరియడ్లు వేయొద్దనీ చెప్పింది. ఫ్యాన్ హోరులో ఆయనకి వినపడలేదు.

"ఏంటి మేడమ్? గట్టిగా చెప్పండి."

గట్టిగా చెబితే గొంతు పోతుంది, చెప్పకపోతే ఉద్యోగం. అదే మాట, అదే స్థాయిలో మళ్ళీ చెప్పింది. ఆయన చిరాగ్గా చూసి, లేచి ఫ్యాన్ ఆపాడు. ముందుకి వంగాడు. మూడోసారి చెబితే విన్నాడు.

"అసెంబ్లీ తీసేస్తాను. పీరియడ్ల మధ్య గ్యాప్ ఇస్తాను" అన్నాడు చెమట తుడుచుకుంటూ. "రిజల్ట్ మాత్రం తగ్గకూడదు. దసరా దాకా చూస్తాను."

దసరా దాకా. ఆవిడ బయటికొచ్చింది. పై అంతస్తు వరండాలోంచి పుష్ప కేకేసింది. "అక్కా! ఏటన్నాడు?"

జవాబు నోటిదాకా వచ్చింది. కనకరత్నం పెదాలు బిగించి, చీర కుచ్చిళ్ళు పట్టుకుని మెట్లెక్కింది, దగ్గరికెళ్ళి చెప్పడానికి.